ఇరవై ఏడు దేశాల పొలాలకు ఒక్క కమిషనర్

1961 డిసెంబరు 31 అర్ధరాత్రి బ్రస్సెల్స్‌లోని ఒక సమావేశ మందిరంలో గడియారం ఆపేశారు. ఆ ఏడాది ముగిసేలోగా ఉమ్మడి వ్యవసాయ విధానం మీద ఒక నిర్ణయానికి వస్తామని పశ్చిమ ఐరోపాలోని ఆరు దేశాలు ముందే మాట ఇచ్చుకున్నాయి. బేరం తెగలేదు. గడువు తప్పామని చెప్పుకోవడం కంటే గడియారం ఆపడమే నయమనుకున్నారు మంత్రులు. కాగితాల మీద ఇంకా డిసెంబరు 31 నడుస్తుండగానే బయట సంక్రాంతి వచ్చేసింది. జనవరి 14న గానీ రాజీ కుదరలేదు. ఆ చర్చలకు ఐరోపా కమిషన్ తర్వాత కట్టిన లెక్క ఇది: 45 సమావేశాలు, 137 గంటల చర్చ, 5,82,000 పేజీల పత్రాలు, మూడు గుండెపోట్లు.

ఆ రాత్రుళ్లు మంత్రుల ముందున్న ప్రతిపాదన సిక్కో మాన్స్‌హోల్ట్ పేరు మీద వచ్చింది. ఆయన ఐరోపా వ్యవసాయ కమిషనర్ కుర్చీలో కూర్చున్న మొదటి మనిషి. ఇప్పుడు అదే కుర్చీలో లక్సెంబర్గ్‌కు చెందిన క్రిస్టోఫ్ హాన్సెన్ ఉన్నారు. ఆరు దేశాలు 27 అయ్యాయి. ఐర్లాండ్ పచ్చిక మైదానాల నుంచి సైప్రస్ ఆలివ్ తోటల దాకా, 2020 లెక్కల ప్రకారం 91 లక్షల వ్యవసాయ కమతాలు ఈ విధానం కిందికి వస్తాయి. 2021 నుంచి 2027 దాకా దానికి కేటాయించిన సొమ్ము సుమారు 38,700 కోట్ల యూరోలు, అంటే ఐరోపా సమాఖ్య బడ్జెట్‌లో దాదాపు మూడో వంతు.

ఇంత డబ్బుకు బాధ్యుడైన కమిషనర్ ఒక్క రైతు ఖాతాలోనూ స్వయంగా డబ్బు వేయరు. ఏ పంటకూ తానొక్కరే ధర కట్టలేరు. ఏ దేశపు వ్యవసాయ మంత్రీ ఆయన చేతి కింద పనిచేయడు. అయినా గత అరవై ఏళ్లలో ఐరోపా రైతు బతుకు మలుపు తిరిగిన ప్రతిసారీ దాని వెనుక ఈ పదవిలో ఉన్నవారి ముసాయిదా కనిపిస్తుంది.

మొదటి కాగితం ఎవరిదైతే...

ఐరోపా కమిషన్‌లో దేశానికొకరు చొప్పున 27 మంది కమిషనర్లు ఉంటారు. పదవీకాలం ఐదేళ్లు. పేరును సొంత దేశం పంపుతుంది, ఏ శాఖ ఇవ్వాలో కమిషన్ అధ్యక్షులు నిర్ణయిస్తారు. ఆ తర్వాత ఐరోపా పార్లమెంటు కమిటీ ముందు మూడు గంటల విచారణ ఉంటుంది. తేనెటీగల నుంచి తోడేళ్ల దాకా, చక్కెర ధరల నుంచి యువ రైతుల దాకా ఎవరు ఏదైనా అడగవచ్చు. గట్టెక్కినవారు లక్సెంబర్గ్‌లోని న్యాయస్థానం ముందు ప్రమాణం చేస్తారు. సొంత ప్రభుత్వంతో సహా ఏ ప్రభుత్వం నుంచీ ఆదేశాలు తీసుకోనన్నది అందులో ముఖ్యమైన మాట. ఆ మాట నిలబెట్టుకోవడం ఎంత కష్టమో పోలండ్ కమిషనర్ ఉదంతంలో ముందు ముందు చూస్తాం.

కమిషనర్ చేతిలో ఉన్న అసలు బలం ఒక్కటే. చట్టం ముసాయిదాను ప్రతిపాదించే హక్కు కమిషన్‌కే ఉంది. మంత్రులు దాన్ని సవరించవచ్చు, సాగదీయవచ్చు, తొక్కిపట్టవచ్చు. మొదటి కాగితాన్ని మాత్రం వాళ్లు రాయలేరు. వ్యవసాయ డైరెక్టరేట్ జనరల్ ఉద్యోగులు తయారుచేసిన ఆ కాగితం ముందు తోటి కమిషనర్ల ఆమోదం పొందాలి. తర్వాత దాదాపు ప్రతి నెలా కలిసే వ్యవసాయ మంత్రుల మండలికీ, పార్లమెంటుకూ వెళ్తుంది. మండలిలో కనీసం 55 శాతం దేశాలు ఒప్పుకోవాలి. ఆ దేశాల్లో సమాఖ్య జనాభాలో 65 శాతమైనా ఉండాలి. 2009 డిసెంబరులో లిస్బన్ ఒప్పందం అమల్లోకి రాకముందు వ్యవసాయంలో పార్లమెంటుది సలహా పాత్రే. ఇప్పుడు దానికీ సమాన ఓటు ఉంది కాబట్టి రాజీ ముక్కోణంలో కుదరాలి.

అందుకే ఇక్కడ ఏదీ తొందరగా తేలదు. ఇప్పుడు అమల్లో ఉన్న విధానాన్ని ఐర్లాండ్‌కు చెందిన ఫిల్ హోగన్ 2018 జూన్‌లో ప్రతిపాదించారు. చట్టమయ్యేసరికి 2021 డిసెంబరు వచ్చింది, అమలు 2023 జనవరిలో మొదలైంది. అప్పటికి హోగన్ ఆ పదవిలో లేరు. ఒక కమిషనర్ వేసిన నాటు మరొకరి హయాంలో కోతకు వస్తుంది. కలుపు కూడా ఆ రెండోవారే తీయాలి.

ఆకలి నేర్పిన మద్దతు ధర

మాన్స్‌హోల్ట్ 1908లో ఉత్తర నెదర్లాండ్స్‌లోని రైతు కుటుంబంలో పుట్టారు. కొన్నాళ్లు జావా తేయాకు తోటల్లో పనిచేసి తిరిగొచ్చారు. సముద్రాన్ని వెనక్కి నెట్టి కొత్తగా సాగులోకి తెచ్చిన వీరింగర్‌మేర్ నేలలో సేద్యం మొదలుపెట్టారు. జర్మన్ ఆక్రమణ కాలంలో రహస్య ప్రతిఘటన ఉద్యమంలో ఉన్నారు. 1944–45 చలికాలంలో పశ్చిమ నెదర్లాండ్స్ నగరాలకు తిండి అందలేదు. జనం తులిప్ దుంపలు ఉడకబెట్టుకుని తిన్నారు. సుమారు 20 వేల మంది చనిపోయారు. యుద్ధం ముగిసిన వెంటనే, 36 ఏళ్ల వయసులో, ఆ దేశానికి తిండి సమకూర్చే మంత్రిత్వ శాఖ ఆయన చేతికొచ్చింది. 1958లో కమిషనర్‌గా బ్రస్సెల్స్ చేరేదాకా ఆయనే మంత్రి.

1957 రోమ్ ఒప్పందం ఆయన ముందు ఐదు లక్ష్యాలు పెట్టింది. దిగుబడి పెరగాలి, రైతు గౌరవంగా బతకాలి, మార్కెట్ నిలకడగా ఉండాలి, సరుకు కొరత రాకూడదు, కొనేవారికి ధర అందుబాటులో ఉండాలి. రైతుకు మంచి ధర, తినేవారికి తక్కువ ధర ఒకే అధికరణంలో పక్కపక్కనే కూర్చున్నాయి. ఆ అధికరణం నేటికీ మారలేదు.

1962లో కుదిరిన పద్ధతి తెలుగు రైతులకు కొత్తగా అనిపించదు. ధర ఒక స్థాయి కంటే పడిపోతే ప్రభుత్వ సంస్థలు ధాన్యం, వెన్న, పాలపొడి కొని గోదాముల్లో పెట్టాలి. బయటి నుంచి చౌకగా వచ్చే సరుకు మీద సరిహద్దులో సుంకం వేయాలి. మిగిలిన సరుకును విదేశాలకు అమ్మేటప్పుడు ధరలో తేడాను ఖజానా భరించాలి. భారత ఆహార సంస్థ 1965లో పుట్టింది. అంటే రెండు చోట్లా దాదాపు ఒకే కాలంలో ప్రభుత్వాలు రైతు గింజకు హామీదారులయ్యాయి.

హామీ పనిచేసింది, కాకపోతే అతిగా పనిచేసింది. ఎంత పండించినా కొనే దిక్కుందని తెలిశాక రైతులు పండిస్తూనే పోయారు. ఈ పద్ధతి ఎటు పోతోందో మాన్స్‌హోల్టే ముందుగా గుర్తించారు. 1968 డిసెంబరులో ఆయన కొత్త ప్రణాళిక బయటపెట్టారు. చిన్న కమతాలు కలిసి పెద్దవి కావాలని, పదేళ్లలో 50 లక్షల మంది వ్యవసాయం వదిలి వేరే పనుల్లోకి మళ్లాలని, 50 లక్షల హెక్టార్లను సాగు నుంచి తప్పించాలని అందులో ఉంది. మానుకునేవారికి పింఛను, శిక్షణ ఇస్తామన్నా రైతులు వినలేదు. 1971 ఫిబ్రవరిలో కొందరు మంత్రుల సమావేశ మందిరంలోకే ఆవులను తోలుకొచ్చారు. మార్చి 23న బ్రస్సెల్స్ వీధుల్లోకి దాదాపు లక్ష మంది రైతులు దిగారు. ఆ ఘర్షణల్లో ఒకరి ప్రాణం పోయింది. ప్రణాళికలో కొన్ని ముక్కలు మాత్రమే చట్టంగా మిగిలాయి.

మరుసటి ఏడాది, వృద్ధికి హద్దులుంటాయని వాదించిన అమెరికా పరిశోధకుల నివేదిక చదివి మాన్స్‌హోల్ట్ తన దారినే ప్రశ్నించుకోవడం మొదలుపెట్టారు. పర్యావరణం ముఖ్యమంటూ కమిషన్ అధ్యక్షుడికి సుదీర్ఘమైన లేఖ రాశారు. ఆధునిక ఐరోపా వ్యవసాయానికి పునాది వేసిన మనిషే దాని మీద తొలి హెచ్చరిక చేసినవారిలో ఒకరయ్యారు.

వెన్న గుట్టలు, ఎకరం లెక్కలు

1980ల నాటికి గోదాముల్లో వెన్న నిల్వ పది లక్షల టన్నులు దాటింది. పత్రికలు వెన్న పర్వతాలు, వైన్ సరస్సులు అని రాశాయి. ఉమ్మడి బడ్జెట్‌లో మూడింట రెండు వంతులు వ్యవసాయానికే పోయేది. 1984లో పాలకు కోటాలు పెట్టారు. కోటా మించి పోసిన ప్రతి లీటరుకూ జరిమానా. అయితే ధాన్యం మీద అలాంటి కట్టడి లేదు.

1989లో వ్యవసాయ కమిషనర్ బాధ్యత రే మెక్‌షారీకి వచ్చింది. ఐర్లాండ్ ఆర్థిక మంత్రిగా ఖర్చుల్లో కోతలు పెట్టి పేరు పడ్డ మనిషి. అప్పటికే ప్రపంచ వాణిజ్య చర్చలు వ్యవసాయం దగ్గర ఆగిపోయి ఉన్నాయి. ఐరోపా ఎగుమతి రాయితీలు తమ రైతుల మార్కెట్లను దెబ్బతీస్తున్నాయని అమెరికా, ఆస్ట్రేలియా వంటి దేశాలు పట్టుబట్టాయి. 1992 మేలో మెక్‌షారీ సాధించిన సంస్కరణ ధాన్యం మద్దతు ధరను మూడేళ్లలో దాదాపు 29 శాతం తగ్గించింది. ఆ నష్టానికి బదులు రైతుకు హెక్టారు లెక్కన నేరుగా సొమ్ము ఇచ్చారు. పెద్ద రైతులు భూమిలో 15 శాతం బీడు పెడితేనే ఆ సొమ్ము. అదే ఏడాది నవంబరులో అమెరికాతో చర్చల మధ్య కమిషన్ అధ్యక్షుడు జాక్ డెలోర్‌తో విభేదించి ఆయన చర్చల బాధ్యత వదిలేశారు. కొద్ది రోజులకే తిరిగొచ్చి ఒప్పందం ముగించారు. ప్రపంచ వాణిజ్య సంస్థకు దారి వేసిన మెట్లలో అది ఒకటి.

గింజకు ఇచ్చే డబ్బు భూమికి మళ్లింది. తర్వాత వచ్చిన ఆస్ట్రియా కమిషనర్ ఫ్రాంజ్ ఫిష్లర్ దాన్ని చివరిదాకా తీసుకెళ్లారు. ఆయనకు మొదట తగిలింది మాత్రం వేరే పిడుగు. పిచ్చి ఆవు వ్యాధి మనుషులకూ సోకుతుండవచ్చని 1996 మార్చి 20న బ్రిటన్ ప్రకటించింది. వారం తిరిగేలోగా బ్రిటిష్ గొడ్డుమాంసం ఎగుమతులన్నిటినీ కమిషన్ నిషేధించింది. ఆగ్రహించిన బ్రిటన్ ప్రధాని జాన్ మేజర్ కొన్ని వారాల పాటు ఐరోపా నిర్ణయాలకు సహకారం నిలిపేశారు. ఈ సంక్షోభం పదవి ఆకారాన్నే మార్చేసింది. పండించేవారి మేలు చూసే శాఖే తినేవారి భద్రతకూ పూచీ పడితే ఎలా అన్న ప్రశ్న వచ్చి, ఆహార భద్రత వేరే కమిషనర్ చేతికి వెళ్లింది.

ఆ విభజన ఫలితం ఆంధ్రప్రదేశ్ తీరం దాకా కనిపిస్తుంది. యాంటీబయాటిక్ అవశేషాల భయంతో 2016లో ఐరోపా భారతీయ సాగు రొయ్యల తనిఖీలను 10 శాతం సరుకు నుంచి 50 శాతానికి పెంచింది. ఆ భారం భీమవరం చుట్టుపక్కల చెరువుల మీదా పడింది. ఆ నిర్ణయం వ్యవసాయ కమిషనర్‌ది కాదు, ఆరోగ్య, ఆహార భద్రత విభాగానిది. మిరపకాయల్లో, బియ్యంలో పురుగుమందు ఎంత దాకా ఉండవచ్చో తేల్చే ప్రతిపాదనలూ అక్కడి నుంచే వస్తాయి. చేపల వేటకు ఇంకో కమిషనర్, విదేశీ వ్యాపార ఒప్పందాలకు మరొకరు ఉన్నారు.

2003 జూన్‌లో లక్సెంబర్గ్‌లో ఫిష్లర్ తెచ్చిన సంస్కరణతో సొమ్ముకూ పంటకూ ఉన్న ముడి చాలావరకు తెగిపోయింది. రైతు గోధుమ వేసినా, గడ్డి పెంచినా, ఏమీ వేయకపోయినా, భూమిని మంచి స్థితిలో ఉంచి పర్యావరణ, జంతు సంక్షేమ నిబంధనలు పాటిస్తే చాలు, డబ్బు వస్తుంది. దీనివల్ల ఇంకో లాభం ఉంది. ప్రపంచ వాణిజ్య సంస్థ నిబంధనల్లో ఇలాంటి సాయానికి పరిమితి లేదు. మద్దతు ధరతో ఇచ్చే సాయానికి మాత్రం భారత్ లాంటి దేశాలకు పంట విలువలో 10 శాతం హద్దు ఉంది. 2018–19లో బియ్యం విషయంలో ఆ హద్దు దాటామని భారత్ స్వయంగా తెలిపి, జరిమానా చర్యల నుంచి రక్షణ ఇచ్చే నిబంధనను ఉపయోగించుకుంది. ధనిక దేశాలు రాయితీల పేరు మాత్రమే మార్చాయన్న విమర్శ భారత ప్రతినిధులు జెనీవాలో తరచూ చేసేదే.

భూమిని బట్టి సొమ్ము ఇస్తే ఎక్కువ భూమి ఉన్నవారికి ఎక్కువ సొమ్ము వెళ్తుంది. ఐరోపాలో నేరుగా ఇచ్చే సాయంలో దాదాపు 80 శాతం 20 శాతం లబ్ధిదారులకే చేరుతోంది. 2018 మేలో తెలంగాణ ఎకరానికి సీజనుకు 4,000 రూపాయలతో రైతుబంధు మొదలుపెట్టినప్పుడు ఇదే ప్రశ్న వచ్చింది. పదుల ఎకరాల ఆసామికీ సాయం అందింది, పట్టా లేని కౌలు రైతుకు అందలేదు. ఐరోపాలో సొమ్ము భూయజమాని పేరున కాక సాగుచేసేవారి పేరున వస్తుంది. అయితే సాయం పెరిగిన చోట కౌలు రేటూ పెరిగి, అందులో కొంత చివరికి యజమాని జేబులోకే చేరుతోందని ఆర్థికవేత్తలు చెబుతారు.

పెద్ద కమతాలకు పరిమితి పెట్టాలని వ్యవసాయ కమిషనర్లు ఒకరి తర్వాత ఒకరు ప్రతిపాదించారు. 2002లో ఫిష్లర్ ఏడాదికి 3 లక్షల యూరోల హద్దు అడిగారు. 2018లో హోగన్ లక్ష యూరోలన్నారు. పాత తూర్పు జర్మనీ సమష్టి క్షేత్రాల స్థానంలో వచ్చిన వేల హెక్టార్ల కంపెనీలున్న జర్మనీ లాంటి దేశాలు ప్రతిసారీ అడ్డుపడ్డాయి. చివరికి అది దేశాల ఇష్టానికి వదిలిన ఐచ్ఛిక నిబంధనగా మిగిలింది.

చక్కెర చేదెక్కిన వేళ

బ్రస్సెల్స్ కలం పోటు సముద్రాలు దాటి ఎలా తగులుతుందో చెప్పడానికి చక్కెర ఉదంతం చాలు. దశాబ్దాల పాటు ఐరోపా చక్కెర ధర ప్రపంచ ధరకు దాదాపు మూడు రెట్లు ఉండేది. పాత వలస దేశాలైన మారిషస్, ఫిజీ, జమైకా వంటివాటికి ఒక వెసులుబాటు ఉండేది. ఏటా సుమారు 13 లక్షల టన్నుల చక్కెర అదే ధరకు ఐరోపాలో అమ్ముకోవచ్చు. అందులో పెద్ద వాటా మారిషస్‌ది. 19వ శతాబ్దంలో కోరంగి లాంటి కోస్తా రేవుల నుంచి ఓడలెక్కిన తెలుగు కూలీలు నరికింది ఆ దీవి చెరకునే. వాళ్ల వారసులు ఇవాళ్టికీ అక్కడ ఉగాది జరుపుకుంటున్నారు.

బ్రెజిల్, ఆస్ట్రేలియా, థాయ్‌లాండ్ కలిసి ప్రపంచ వాణిజ్య సంస్థలో వేసిన కేసులో 2005లో ఐరోపా ఓడిపోయింది. అప్పటి కమిషనర్ డెన్మార్క్‌కు చెందిన మారియన్ ఫిషర్ బోల్. ఆ ఏడాది నవంబరులో చక్కెర ధరను నాలుగేళ్లలో 36 శాతం తగ్గించే నిర్ణయానికి ఆమె మంత్రులను ఒప్పించారు. ఫ్యాక్టరీలు మూసేవారికి పరిహారం ఇచ్చారు. 2006లో ఐర్లాండ్‌లో చివరి చక్కెర ఫ్యాక్టరీ మూతపడి, ఆ దేశంలో దుంప చక్కెర తయారీ ముగిసింది. 2009తో పాత వలస దేశాలకు ఇచ్చిన ధర హామీ కూడా పోయింది. మారిషస్ చిన్న మిల్లులను మూసి, వేల మంది కార్మికులను స్వచ్ఛంద విరమణతో పంపి, ముడి చక్కెర మానేసి శుద్ధి చేసిన, ప్రత్యేక రకాల చక్కెర వైపు మళ్లింది. మారిషస్ చెరకు కార్మికుల్లో ఒక్కరికీ ఆ మంత్రులను ఎన్నుకునే ఓటు లేదు.

పాల కథ ఇంకో రకంగా తిరిగింది. 1984లో పెట్టిన కోటాలను 2015 మార్చి 31తో ఎత్తేశారు. అంతకు ఎనిమిది నెలల ముందే రష్యా ఐరోపా ఆహార సరుకును నిషేధించింది. కోటా సంకెళ్లు తెగి పాలు పొంగాయి, కొనేవారు తగ్గారు, ధర కూలింది. 2015 సెప్టెంబరులో వేల మంది రైతులు బ్రస్సెల్స్ ముట్టడించిన రోజే కమిషన్ 50 కోట్ల యూరోల సాయం ప్రకటించాల్సి వచ్చింది. గోదాముల్లో మళ్లీ పాలపొడి పేరుకుంది. మూడున్నర లక్షల టన్నులకు పైగా చేరిన ఆ నిల్వను వదిలించుకునేసరికి 2019 వచ్చింది.

ట్రాక్టర్ల రుతువు

2020 మేలో కమిషన్ ప్రకటించిన ఆహార వ్యూహం, 2030 నాటికి రసాయన పురుగుమందుల వాడకాన్నీ వాటి ప్రమాదాన్నీ సగానికి తగ్గించాలనీ, నాలుగో వంతు భూమిని సేంద్రియ సాగులోకి తేవాలనీ లక్ష్యాలు పెట్టింది. అప్పటి వ్యవసాయ కమిషనర్ పోలండ్‌కు చెందిన యానుష్ వొయ్‌చెహోవ్‌స్కీ. ఆ వ్యూహానికి చుక్కాని మాత్రం పర్యావరణ, ఆరోగ్య విభాగాల చేతిలో ఉంది. 2022 ఫిబ్రవరిలో రష్యా ఉక్రెయిన్ మీద దాడి చేశాక ఎరువుల ధర, డీజిల్ ధర ఎగిశాయి. నల్లసముద్రం రేవులు మూతపడటంతో ఉక్రెయిన్ ధాన్యానికి ఐరోపా రోడ్లు, రైలు మార్గాలు తెరిచారు. ఆఫ్రికాకు వెళ్లాల్సిన సరుకులో కొంత పోలండ్, రొమేనియా, హంగరీ మార్కెట్లలోనే దిగి అక్కడి రైతుల ధరను పడగొట్టింది.

2023 ఏప్రిల్‌లో పోలండ్, హంగరీ సొంతంగా దిగుమతులు ఆపేశాయి. కమిషన్ ఐదు సరిహద్దు దేశాలకు తాత్కాలిక ఆంక్షలు అనుమతించి సెప్టెంబరు 15న ఎత్తేసింది. ఆంక్షలు పొడిగించాలని వొయ్‌చెహోవ్‌స్కీ బహిరంగంగానే కోరారు, తోటి కమిషనర్లు ఒప్పుకోలేదు. సొంత దేశంలో ఎన్నికలు దగ్గరపడ్డ వేళ ఆయన ఎవరి పక్షాన మాట్లాడుతున్నారన్న ప్రశ్న బ్రస్సెల్స్‌లో వినిపించింది. పోలండ్ రైతులకు ఆయన బ్రస్సెల్స్ మనిషి, బ్రస్సెల్స్‌లో కొందరికి పోలండ్ మనిషి.

ఆ శీతాకాలం జర్మనీలో డీజిల్ రాయితీ కోతతో రేగిన నిప్పు ఫ్రాన్స్, బెల్జియం, స్పెయిన్, ఇటలీకి పాకింది. 2024 ఫిబ్రవరి 1న దేశాధినేతలు బ్రస్సెల్స్‌లో కూర్చుని ఉండగా వందల ట్రాక్టర్లు పార్లమెంటు ముందు చౌకును నింపాయి. ఐదు రోజుల తర్వాత కమిషన్ అధ్యక్షురాలు ఉర్సులా వాన్ డెర్ లేయన్ పురుగుమందుల తగ్గింపు చట్టాన్ని వెనక్కి తీసుకుంటున్నట్టు ప్రకటించారు. కొంత భూమి బీడు పెట్టాలన్న నిబంధననూ సడలించారు. ఏళ్ల తరబడి చర్చించి రాసిన షరతులు కొన్ని వారాల్లో కరిగిపోయాయి.

మామూలు రోజుల్లో ఈ ఉద్యోగం ఇంత నాటకీయంగా ఉండదు. ఒక్కో దేశం పంపిన వ్యవసాయ ప్రణాళికను చదివి ఆమోదించాలి. సొమ్మును రైతులకు పంచేది ఆ దేశాల చెల్లింపు సంస్థలే, లెక్క తప్పితే కమిషన్ తిరిగి వసూలు చేస్తుంది. రైతు చెప్పిన పంట నిజంగా పొలంలో ఉందో లేదో సెంటినెల్ ఉపగ్రహాల చిత్రాలతో సరిచూస్తారు. ఏటా కనీసం 45 కోట్ల యూరోల సంక్షోభ నిధి నుంచి వడగండ్లకు, కరువుకు, ధరల పతనానికి ఎవరికెంత ఇవ్వాలో తేల్చాలి. పర్మిజానో జున్ను, ఫెటా జున్ను వంటి పేర్లకు రక్షణ ఇచ్చే భౌగోళిక గుర్తింపుల వ్యవస్థా ఈ శాఖదే. 2011లో డార్జిలింగ్ తేయాకు, 2023లో కాంగ్రా తేయాకు ఆ జాబితాలో చేరాయి. ఇక బ్రస్సెల్స్‌లో రైతు సంఘాల సమాఖ్య కోపా, సహకార సంఘాల సమాఖ్య కొజెకా తలుపు తట్టని వారం ఉండదు. రెండూ 1950ల చివర్లో, ఈ విధానంతో పాటే పుట్టినవి.

హాన్సెన్ ముందున్న బల్ల

2024 డిసెంబరు 1న బాధ్యతలు తీసుకున్న హాన్సెన్ అంతకుముందు ఐరోపా పార్లమెంటు సభ్యుడు. అడవులు నరికి పండించిన సోయా, కాఫీ, పామాయిల్ వంటివాటిని ఐరోపా మార్కెట్‌లోకి రానీయకూడదన్న చట్టం మీద పార్లమెంటు తరఫున చర్చలు నడిపింది ఆయనే. కమిషనర్ అయిన మూడు నెలల్లోపే, 2025 ఫిబ్రవరి 19న, వ్యవసాయం, ఆహారం మీద తన దార్శనిక పత్రం విడుదల చేశారు. అందులో ఎక్కువగా వినిపించిన మాట వారసులది. ఐరోపాలో కమతం నడిపేవారిలో 40 ఏళ్ల లోపువారు 12 శాతమే. 2005–2020 మధ్య మూడో వంతుకు పైగా కమతాలు కనుమరుగయ్యాయి. మాన్స్‌హోల్ట్ చట్టంతో చేయించాలనుకున్న పనిని మార్కెట్, వయసు కలిసి చేస్తూ పోయాయి.

ఆయన పదవిలోకి వచ్చిన వారంలోనే మరో చిక్కు ఎదురైంది. 2024 డిసెంబరు 6న బ్రెజిల్, అర్జెంటీనా తదితర మెర్కోసూర్ దేశాలతో వాణిజ్య ఒప్పందం కుదిరిందని వాన్ డెర్ లేయన్ మాంటెవిడియోలో ప్రకటించారు. కార్లు, యంత్రాలు అమ్ముకునే జర్మనీకి అది పండగ, గొడ్డుమాంసం పెంచే ఫ్రాన్స్, ఐర్లాండ్ రైతులకు గుబులు. చర్చలు వాణిజ్య కమిషనర్ నడిపినా, రైతులకు సమాధానం చెప్పాల్సింది హాన్సెన్. భారత్‌తో చర్చల కోసం 2025 సెప్టెంబరులో ఆయన వాణిజ్య కమిషనర్ మారోష్ షెఫ్చోవిచ్‌తో కలిసి ఢిల్లీ వచ్చారు. ఈ బేరంలో రెండు వైపులా సున్నితమైన సరుకులున్నాయి. కోట్ల మంది చిన్న పాడి రైతులున్న భారత్‌కు పాల ఉత్పత్తులు ఎంత సున్నితమో, ఐరోపాకు చక్కెర, గొడ్డుమాంసం అంత సున్నితం.

అసలు పరీక్ష డబ్బుది. 2025 జులై 16న కమిషన్ ప్రకటించిన 2028–34 బడ్జెట్ ప్రతిపాదన వ్యవసాయ నిధిని ప్రాంతీయాభివృద్ధి వంటి ఇతర నిధులతో కలిపి, దేశానికొక ఉమ్మడి ప్రణాళికలో పెట్టింది. రైతుల ఆదాయ సాయానికి సుమారు 30,000 కోట్ల యూరోలు విడిగా కాపాడతామంది. అంటే ఇప్పటి 38,700 కోట్ల స్థానంలో హామీగా దొరికేది అంత. మిగతాది ఆయా ప్రభుత్వాలు తమ వాటా నుంచి కలుపుకోవచ్చు. రైతుకు ఏడాదికి లక్ష యూరోల పరిమితి మళ్లీ కాగితం మీదకొచ్చింది, ఈసారి తప్పనిసరి నిబంధనగా. ప్రకటన వెలువడిన రోజే రైతు సంఘాలు బ్రస్సెల్స్‌లో నిరసనకు దిగాయి. ఉమ్మడి విధానం 27 విడి విధానాలుగా చీలిపోతుందన్నది వారి భయం.

ఏడేళ్ల బడ్జెట్‌కు మంత్రుల మండలిలో మెజారిటీ చాలదు, 27 దేశాలూ ఏకగ్రీవంగా ఒప్పుకోవాలి. పార్లమెంటు సమ్మతి కూడా కావాలి. అన్నీ అనుకున్నట్టు జరిగితే కొత్త విధానం 2028 జనవరిలో మొదలవుతుంది. ఈ కమిషన్ పదవీకాలం 2029 చివరికల్లా ముగుస్తుంది. తాను రాసిన ఏడేళ్ల విధానంలో హాన్సెన్ స్వయంగా నడిపేది రెండేళ్లలోపే. మిగిలిన ఐదేళ్లు, అప్పటికి పేరుకునే నిల్వలతో సహా, తర్వాతి కమిషనర్‌వి.